కొత్తగా కుందేలు తెచ్చుకున్నారా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కుందేలు పిల్లని తెచ్చుకున్న ఇళ్ళ నుంచి ఏడాది పొడవునా అవే సందేహాలు వస్తుంటాయి. తిండి దగ్గర, ఎండ దగ్గర, డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్ళడం దగ్గర జరిగే పొరపాట్లూ అవే. అందుకే వాటన్నిటినీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటీ చదువుకున్నా సరిపోతుంది.

## తెచ్చుకునే ముందు

సంతలో అరచేతిలో పట్టేంత కూనల్ని అమ్ముతున్నారు. ఎన్ని వారాల పిల్లని తేవాలి?

ఎనిమిది వారాలు నిండాలి. నాలుగైదు వారాల కూన ముద్దుగా ఉంటుంది, త్వరగా అమ్ముడుపోతుంది. కానీ దాని పేగు అప్పటికింకా తల్లిపాల మీదే ఆధారపడి ఉంటుంది. పాలు మాన్పించి ఒక్కసారిగా ఆకుకూరలు, దాణా పెడితే విరేచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లో పోతుంది. చెవులు నిక్కబొడుచుకుని, ఒళ్ళు గట్టిగా ఉండి, గడ్డి తనంతట తాను నములుతున్న పిల్లనే తీసుకోండి. తోక కింద తడిగా, మురికిగా ఉన్నా, ముక్కు కారుతున్నా, ముందు కాళ్ళ లోపలి బొచ్చు అట్టకట్టి ఉన్నా (ముక్కు తుడుచుకుంటోందన్నమాట) వద్దనండి. చెవి లోపలికి చూడండి, గోధుమరంగు పెచ్చులు ఉంటే గజ్జి.

పొలంలో చెవులపిల్లి కూన దొరికింది. ఇంట్లో పెంచుకోవచ్చా?

పెంచకూడదు. మన పొలాల్లో, తోటల్లో తిరిగే అడవి కుందేలు ఇంటి కుందేలు జాతి కాదు. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. కూన ఒంటరిగా కనిపించినంత మాత్రాన తల్లి వదిలేసినట్టు కాదు. తల్లి పగలంతా దూరంగానే ఉండి, చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి పోతుంది. దెబ్బ తగలకపోతే దాన్ని అక్కడే వదిలెయ్యండి, కుక్కల్ని మాత్రం అటు పోనివ్వకండి. గాయమైతే అటవీ శాఖ వాళ్ళకి చెప్పండి.

ఒకటి చాలా, జత తేవాలా? దుకాణంలో ఆడ, మగ అని ఇస్తామంటున్నారు.

కుందేలు ఒంటరిగా బతికే జంతువు కాదు. ఇంట్లో రోజంతా మనుషులు ఉండకపోతే జతే మంచిది. అయితే ఆడ, మగ కలిపి పెడితే నాలుగో నెల నుంచే చూలు కట్టడం మొదలవుతుంది. కడుపు 31 రోజులు, ఒక ఈతకి నాలుగు నుంచి ఎనిమిది కూనలు మామూలు, పైగా ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలదు. ఒకే ఈతలో పుట్టిన రెండు ఆడపిల్లలు సులువైన జత. అమ్మేవాళ్ళు చెప్పింది నమ్మకుండా మీరే చూసుకోండి. పిల్లని ఒళ్ళో పెట్టుకుని తోక పక్కకి జరిపి, మూత్రద్వారానికి ఇరువైపులా వేళ్ళతో మెల్లగా నొక్కితే మగదానికి గుండ్రని చిన్న గొట్టంలా బయటికొస్తుంది, ఆడదానికి నిలువు చీలిక కనిపిస్తుంది. చిన్న పిల్లల్లో పొరపడటం చాలా తేలిక, పది పన్నెండు వారాలప్పుడు మరోసారి చూడాలి. అప్పటికి మగదని తేలితే ఆ రోజే వేరు చెయ్యండి.

విశాఖ నుంచి బస్సులో తేవచ్చా?

తేవచ్చు, తెల్లవారుజామునే బయల్దేరాలి. మధ్యాహ్నం బస్సు ఎండాకాలంలో వద్దే వద్దు. పక్కల నిండా బెజ్జాలు పెట్టిన అట్టపెట్టె, అడుగున పాత తువ్వాలు, దాని మీద గుప్పెడు గడ్డి. దారిలో నీళ్ళ గిన్నె ఒలికిపోతుంది కాబట్టి కీరదోస ముక్క వెయ్యండి. పెట్టె ఒళ్ళోనే పెట్టుకోండి, డిక్కీలోగానీ ఇంజను పక్కనగానీ పెట్టకండి. అమ్మినవాళ్ళు పెడుతున్న దాణా అరకిలో అడిగి తెచ్చుకోండి.

## మొదటి వారం

తెచ్చిన దగ్గర్నుంచి మూలనే నక్కి కూర్చుంది. ఏం చెయ్యాలి?

వదిలెయ్యండి. చుట్టూ మనుషులు మూగితే అది వేటాడే జంతువు వచ్చిందనే అనుకుంటుంది. ఒక అట్టపెట్టె బోర్లించి, రెండు వైపులా దారి కోసి ఇవ్వండి, దాక్కోవడానికి చోటు ఉంటేనే బయటికి వచ్చే ధైర్యం వస్తుంది. మూడు రోజులు గడ్డి, నీళ్ళు పెట్టి దగ్గర్లో నేల మీద ఊరికే కూర్చోండి. అదే వచ్చి వాసన చూస్తుంది. తిండి అమ్మినచోట పెట్టిందే పెట్టి, మార్చాలనుకున్నది వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా కలపండి. ఒక్క విషయంలో మాత్రం ఊరుకోకూడదు: మొదటి రాత్రి గడిచేసరికి గడ్డి తినకపోయినా, పెంటికలు వెయ్యకపోయినా అది బెరుకు కాదు, డాక్టరుకి చూపించాలి.

కోళ్ళ గూడులో ఉంచేయొచ్చా? పంజరం ఎంత ఉండాలి?

కోళ్ళ గూడు ఇరుకు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నిలబడితే చెవులు పైకి తగలని ఎత్తు ఉంటే అది రాత్రి పడుకోవడానికి సరిపోతుంది. పగలు మూడు నాలుగు గంటలైనా గదిలో వదలాలి. కింద ఇనుప వల ఉంటే అరికాళ్ళు పుళ్ళు పడతాయి, ఎందుకంటే కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు దీని పాదానికి మెత్తలు ఉండవు. చెక్కగానీ గోనెసంచిగానీ పరవండి. నున్నటి టైల్స్ మీద కాళ్ళు జారిపోతాయి, పాత దుప్పటి వెయ్యాలి. వరండాలో పెడితే ముంగిస, పిల్లి, పాము, పందికొక్కు నాలుగూ ఉన్నాయని గుర్తుంచుకోండి. కోళ్ళ వల పళ్ళతో తెగిపోతుంది, అరంగుళం కన్నం ఉన్న గట్టి వెల్డు మెష్ కొట్టించండి. వదిలే గదిలో ఫోను చార్జరు, కూలరు వైర్లు పైకి కట్టెయ్యండి. దానికి వైరు వేరులాగే కనిపిస్తుంది.

మా గుంటడు రోజంతా ఎత్తుకునే తిరుగుతున్నాడు. ఏటవుతాది?

నడుం విరిగే ప్రమాదం ఉంది. కుందేలు ఎముకలు ఒంటి బరువులో ఏడెనిమిది శాతమే, వెనక కాళ్ళ కండరాలు మాత్రం చాలా బలమైనవి. గాల్లో ఉండగా భయపడి తన్నితే తన తన్నుకి తన వెన్నే విరుగుతుంది. చెవులు పట్టుకుని ఎప్పుడూ లేపకూడదు. ఒక చెయ్యి ఛాతీ కింద, రెండో చెయ్యి పిరుదుల కింద పెట్టి ఒంటికి ఆనించుకోవాలి. పదేళ్ళలోపు పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి, కుందేల్నే వాళ్ళ దగ్గరికి రానివ్వండి. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుంది, అది హాయి కాదు, భయంతో బిగుసుకుపోవడం.

వాసన వస్తోంది. స్నానం చేయించవచ్చా?

వద్దు. తడిస్తే లోపలి బొచ్చు గంటల తరబడి ఆరదు, ఒళ్ళు చల్లబడిపోతుంది, భయానికి గుండె ఆగి చనిపోయినవీ ఉన్నాయి. వాసన కుందేలుది కాదు, ఉచ్చ తడిసిన పరుపుది. వెనక భాగం మురికైతే గోరువెచ్చని తడి గుడ్డతో అంతవరకే తుడిచి ఆరబెట్టండి.

ఇల్లంతా పాసు పోస్తోంది. ఒకచోట అలవాటు చెయ్యగలమా?

చెయ్యగలం. అది తనంతట తాను ఒక మూల ఎంచుకుంటుంది, ఆ మూలనే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు పెట్టండి. అడుగున నాలుగు మడతల న్యూస్ పేపరు, దాని మీద వరిగడ్డి, ఒక చివర తినే గడ్డి. తింటూ విసర్జించడం దాని స్వభావం కాబట్టి తిండి అక్కడుంటే పని సగం అయిపోయినట్టే. బయట పోసినది కాగితంతో అద్ది ఆ కాగితం టబ్బులో వెయ్యండి. రంపపు పొట్టు, సన్నటి ఊక వద్దు, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

## తిండి, నీళ్ళు

కుందేలు నీళ్ళు తాగితే చచ్చిపోతుందంట కదా?

తాగకపోతేనే చచ్చిపోతుంది. ఆకుకూరలు ఎక్కువ పెట్టే ఇళ్ళలో అది తక్కువ తాగడం చూసి ఈ మాట పుట్టి ఉండొచ్చు. కిలో బరువుకి రోజుకి 50 నుంచి 100 మి.లీ. కావాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. నీళ్ళు తగ్గితే పేగులో మేత గట్టిపడి కదలడం మానేస్తుంది. బరువైన మట్టి మూకుడులో పెట్టండి, బోర్లా పడదు. రోజుకి రెండుసార్లు మార్చండి.

టిమోతి గడ్డి మా ఊళ్ళో దొరకదు. ఏ గడ్డి వెయ్యాలి?

గరిక వెయ్యండి. దాని తిండిలో ఎనభై శాతం గడ్డే ఉండాలి, రేయింబవళ్ళు ముందు గడ్డి ఉండాలి. ముందు పళ్ళు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి. వెనక దవడ పళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసేది గడ్డి నమలడమే, చెక్కముక్క కాదు. పేగు కదలాలన్నా పొడుగు పీచే కావాలి.

పచ్చిది పెట్టినా మంచిదే, కానీ వానల్లోనూ వేసవిలోనూ కరువు రాకుండా ఎండబెట్టి దాచుకోవాలి. కలుపు మందు కొట్టిన గట్టు మీదది, వీధి కుక్కలు తిరిగే రోడ్డు పక్కది కొయ్యకండి. మంచు ఆరాక కోసి, కడిగి, నీడలో గాలి తగిలేచోట పల్చగా పరిచి రోజుకి రెండుసార్లు తిరగెయ్యండి. మూడు నాలుగు రోజులకి కాడ విరిస్తే టక్కున విరగాలి, రంగు ఇంకా పచ్చగానే కనిపించాలి. వంగుతోంది గానీ విరగడం లేదంటే లోపల తడి ఉంది. ఆ తడితో బస్తాలో కుక్కితే వేడెక్కి బూజు పడుతుంది. బూజు వాసన వచ్చిన గడ్డి పశువుకైనా పెట్టకండి, దీనికి అసలే వద్దు. నాలుగు కిలోల పచ్చిగడ్డి ఎండితే సుమారు కిలో అవుతుంది. రెండు కిలోల కుందేలుకి రోజుకి వంద గ్రాముల ఎండుగడ్డి లెక్కేసుకోండి.

నేపియర్ రకాల గడ్డి లేతగా ఉన్నప్పుడు ఆకు వరకూ పెట్టొచ్చు. దశరథ గడ్డిలో మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ, ఆరు నెలల్లోపు పిల్లలకీ పాలిచ్చే తల్లికీ బాగుంటుంది, పెద్దవాటికి గుప్పెడు చాలు. సుబాబుల్ వద్దు, అందులోని మైమోసిన్‌కి బొచ్చు ఊడుతుంది.

వరిగడ్డి కుప్ప ఇంటి దగ్గరే ఉంది కదా, అది సరిపోదా?

పరుపుగా వెయ్యడానికి బాగుంటుంది. ఒక్క వరిగడ్డి మీదే పెంచితే పోషకాలు చాలక చిక్కిపోతుంది. గరిక అయిపోయిన రెండు మూడు రోజులు పీచు కోసం వేస్తే తప్పులేదు, కొసలూ ధూళీ దులిపి వెయ్యండి.

ఆకుకూరల్లో ఏవి మంచివి? కేరట్ ఎంత?

కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకు, కేరట్ ఆకు, తులసి రోజూ పెట్టొచ్చు. కిలో బరువుకి ఒక దోసెడు, రెండు మూడు రకాలు కలిపి. పాలకూర, తోటకూర, గోంగూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి వారానికి ఒకసారి నాలుగు ఆకులు. మునగాకు ఒక రెమ్మ చాలు. కొత్త ఆకు ఏదైనా ఒక్కటే ఇచ్చి మర్నాటి పెంటికలు చూశాక కొనసాగించండి. బజారు ఆకుకూర మీద మందు ఉంటుంది, ఉప్పునీళ్ళలో నానబెట్టి మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి. కేరట్ దుంప తీపి పదార్థమే, వేలి కణుపంత ముక్క. అరటిపండు, యాపిల్ కూడా అంతే. జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, మనీ ప్లాంటు దరిదాపుల్లో ఉండకూడదు.

మామ్మ అన్నం, చోడి అంబలి పెడుతోంది. ఇష్టంగానే తింటోంది కదా?

తింటుంది, అదే ఇబ్బంది. అన్నం, అంబలి, బిస్కెట్లు, మరమరాలు, శనగలు, బ్రెడ్డు అన్నీ పిండి పదార్థమే. అది పెద్దపేగుకి చేరితే అక్కడ మంచి సూక్ష్మజీవులు తగ్గి, గ్యాసు పుట్టించేవి పెరుగుతాయి. కడుపు ఉబ్బుతుంది, కుందేలుకి వాంతి చేసుకునే శక్తి లేదు. ఆవుపాలు కూడా వద్దు. ఆవిడ చేత్తో ఏదో ఒకటి పెట్టాలనుకుంటే కొత్తిమీర కాడలు ఇవ్వమనండి, అవీ అంతే ఇష్టంగా అందుకుంటుంది.

పెల్లెట్ దాణా ఎంత పెట్టాలి?

పెద్ద కుందేలుకి కిలో బరువుకి రోజుకి 25 గ్రాములకి మించకూడదు. ఫారాల దాణా మాంసానికి త్వరగా బరువు పెంచడానికి తయారు చేసేది, గిన్నె నింపి వదిలేస్తే గడ్డి మానేస్తుంది.

తన పెంటికలు తానే తింటోంది! జబ్బా?

కాదు, తిననివ్వండి. తెల్లవారుజామున మెత్తగా, నల్లగా, నిగనిగలాడే చిన్న గుత్తిలా వేసేది వేరే రకం. అందులో పేగులో తయారైన బి విటమిన్లు, మాంసకృత్తులు ఉంటాయి, నేరుగా నోటితో తీసుకుని మింగేస్తుంది. ఆ గుత్తులు తినకుండా నేల మీద వదిలేస్తుంటే దాణా, తీపి ఎక్కువైనట్టు.

## ఎండ, వాన, తుఫాను

ఎండాకాలం ఎలా గట్టెక్కించాలి?

దీనికి చెమట పట్టదు, ఒంటి వేడి చెవుల గుండానే పోవాలి. 28 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, మన దగ్గర ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా పగలంతా అంతకు మించే ఉంటుంది. రేకుల షెడ్డులో, మేడ మీద గదిలో పెట్టకండి. ఇంట్లో అన్నిటికన్నా చల్లని గది దానికి ఇవ్వండి. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది. కడప బండ ముక్క పరిచినా పనికొస్తుంది. తడి గోనెపట్టా కట్టడం గాలి పొడిగా ఉన్న రోజు బాగా పనిచేస్తుంది. సముద్రం వైపు ఊళ్ళలో ఉక్కపోత రోజున అది ఉక్కని ఇంకా పెంచుతుంది, అప్పుడు కిటికీలు తెరిచి ఫ్యాను వెయ్యడమే మేలు. రోజుకి నాలుగైదుసార్లు చెవుల వెనక తడి చేత్తో రాయండి. గడ్డి తెల్లవారుజామున, రాత్రి ఎక్కువ వెయ్యండి, మధ్యాహ్నం అది పెద్దగా తినదు.

నోరు తెరిచి ఎగపోస్తోంది, చెవులు ఎర్రగా కాలుతున్నాయి. వడదెబ్బేనా?

అవును, నిమిషాలే ఉంటాయి. నీడకి మార్చి, మామూలు చల్లటి నీళ్ళతో చెవులు, పాదాలు తడపండి, ఫ్యాను కింద పెట్టండి. ఐసు నీళ్ళలో ముంచితే రక్తనాళాలు బిగుసుకుని షాకుకి పోతుంది. నోట్లో నీళ్ళు పొయ్యకండి, తానే తాగితే తాగనివ్వండి. కాస్త కోలుకున్నట్టు కనిపించినా డాక్టరుకి చూపించండి.

వానాకాలంలో వెనక భాగానికి ఈగలు ముసురుతున్నాయి. ప్రమాదమా?

ప్రాణాంతకం. ఉచ్చ, మలం అంటిన బొచ్చులో ఈగ గుడ్లు పెడితే ఒక్కరోజులోనే పురుగులు పొదిగి చర్మాన్ని తొలిచేస్తాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా రోజుకి రెండుసార్లు తోక కింద చూడండి. పురుగు కనిపిస్తే పట్టకారుతో తీసినంత తీసి, గంటల్లో ఆసుపత్రికి చేర్చండి. టర్పెంటైన్, ఫినాయిల్ పొయ్యకండి.

తుఫానుకి ఏం సిద్ధం చేసుకోవాలి?

2018 అక్టోబరులో తిత్లీ వచ్చాక ఉద్దానం ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. హెచ్చరిక రాగానే పది రోజుల ఎండుగడ్డి మూత గట్టి డ్రమ్ములో, నీళ్ళు బిందెల్లో నింపండి. పంజరం నేల మీంచి లేపి లోపలి గదిలో పెట్టండి. ఆకుకూరలు దొరక్కపోయినా గడ్డి, నీళ్ళతో నెట్టుకొస్తుంది.

దీపావళి టపాసులకీ, సిరిమాను ఉత్సవం మైకులకీ వణికిపోతోంది.

వీధికి దూరంగా ఉన్న గదిలో, దాక్కునే పెట్టెలో గడ్డి కుక్కి ఇవ్వండి, కిటికీలకి దుప్పట్లు వెయ్యండి. వెనక కాళ్ళతో నేలని దబదబా తన్నడం హెచ్చరిక, కోపం కాదు. భయానికి పేగు ఆగిపోయే అవకాశం ఉంది కాబట్టి మర్నాడు పెంటికలు వేస్తోందా లేదా చూడాలి.

## జబ్బు చేసినప్పుడు

పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. రేపటిదాకా చూడొచ్చా?

చూడకండి. పది పన్నెండు గంటలు తినకపోతే అత్యవసరమే. పేగు కదలిక ఆగితే నొప్పి, నొప్పికి తినదు, తినక ఇంకా ఆగుతుంది.

ముందే చెప్పేది పెంటికలు. ఆరోగ్యంగా ఉన్నది రోజుకి రెండొందలకు పైనే వేస్తుంది. శనగగింజంత, ఒకే సైజులో, గుండ్రంగా, లేత గోధుమరంగులో ఉంటాయి. వేళ్ళతో నలిపితే గడ్డి పొడిలా విడిపోతాయి. ఆవగింజల్లా చిన్నవై నల్లగా గట్టిపడితే నీళ్ళో గడ్డో తగ్గింది. బొచ్చుతో దండలా గుచ్చుకుని వస్తే బొచ్చు రాలే కాలం, దువ్వి గడ్డి పెంచండి. అసలే వెయ్యకపోతే ఆలోచించకుండా బయల్దేరండి. ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీలు, చెవులు చల్లగా ఉండి ఒళ్ళు ముడుచుకుని పళ్ళు కటకటలాడిస్తుంటే పరిస్థితి బాగా ముదిరినట్టు. కడుపు డోలులా బిగిసి ఉంటే నోట్లో ఏమీ పెట్టకండి. మెత్తగా ఉండి, మింగగలుగుతుంటే, దారి దూరమైతే, పెల్లెట్లు గోరువెచ్చని నీళ్ళలో జావలా కలిపి సూది లేని సిరంజితో నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా, కిలో బరువుకి 10 మి.లీ. పట్టించండి.

మా ఊళ్ళో పశువుల డాక్టరే ఉన్నారు. ఆయనకి చూపించవచ్చా? ఏమని చెప్పాలి?

చూపించండి. దగ్గర్లో ఎవరు చూస్తారో తెలుసుకోవడానికి పశువైద్య హెల్ప్‌లైన్ నంబరు 1962కి ఫోను చెయ్యొచ్చు. విజయనగరం జిల్లాలో గరివిడి పశువైద్య కళాశాల ఉంది, శస్త్రచికిత్సలకి విశాఖ వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఎక్కడికెళ్ళినా రెండు మాటలు ముందే చెప్పండి. నోటి ద్వారా అమోక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ రకం మందులు కుందేలు పేగులోని సూక్ష్మజీవుల్ని చంపి ప్రాణం తీస్తాయి. కుక్కల పిడుదులకి కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే, చుక్కల మందు కూడా విషమే. ఆపరేషనుకి ముందు పస్తు పెట్టమన్నా వాంతి చేసుకోదు కాబట్టి అవసరం లేదని గుర్తు చెయ్యండి.

ముక్కు మీద, చెవుల్లో తెల్లటి పెచ్చులు కడుతున్నాయి.

గజ్జి పురుగు, మన దగ్గర చాలా ఎక్కువ. పెచ్చులు పీకకండి, రక్తం వచ్చి నొప్పి పెడుతుంది. డాక్టరు బరువు చూసి ఐవర్‌మెక్టిన్ సూది మందు ఇస్తారు, పది పధ్నాలుగు రోజులకి మళ్ళీ ఇస్తేనే పోతుంది. ఒక్కసారితో ఆపెయ్యడం వల్లే తిరగబెడుతుంది. పరుపు కాల్చెయ్యండి, పంజరం మరుగునీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి. ఇంట్లోవాళ్ళకీ దురద రావచ్చు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి.

ఉచ్చ ఎర్రగా పోసింది, నిన్న సున్నంలా తెల్లగా ఉంది.

రెండూ చాలాసార్లు మామూలే. ఎరుపు, అది తిన్న ఆకుల్లోని రంగు వల్ల వస్తుంది, తెలుపు ఎక్కువైన కాల్షియం. ముక్కుతూ పోస్తున్నా, చుక్కలుగా పడుతున్నా, రెండు రోజులు దాటినా ఎరుపు తగ్గకపోయినా చూపించాలి.

గెంతుతూ గెంతుతూ ధబ్బున పక్కకి పడిపోయింది. చచ్చిపోయిందనుకుని హడలిపోయాం.

హాయిగా ఉన్నప్పుడు అలాగే ఒరిగి పడుకుంటుంది. గాల్లోకి ఎగిరి ఒళ్ళు మెలితిప్పడం కూడా సంతోషమే. పిలిస్తే చెవి కదిపితే కంగారు లేదు. తల ఒక పక్కకి వాలిపోయి లేవలేకపోతే మాత్రం జబ్బు.

## పెరిగాక

ఐదు నెలలు వచ్చేసరికి కరుస్తోంది, అందరి మీదా ఉచ్చ చిమ్ముతోంది.

వయసుకొచ్చింది. మగవాటికి నాలుగైదు నెలలకి, ఆడవాటికి ఐదారు నెలలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించవచ్చు. ఆడదానికి ఇది ఇంకా ముఖ్యం, వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సరు చాలా ఎక్కువగా వస్తుంది. మగదానికి చేయించాక కూడా నాలుగు నుంచి ఆరు వారాలు ఆడదానికి దూరంగా ఉంచండి. కరిస్తే గాయాన్ని సబ్బునీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుని కలవండి. ఆ కుందేలుని ఈమధ్య కుక్క కరిచి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

ఈనింది కానీ పిల్లల దగ్గరికే పోవట్లేదు. పాలివ్వట్లేదా?

రోజుకి ఒకటి రెండుసార్లే, అదీ నాలుగైదు నిమిషాలే ఇస్తుంది. ఉదయం కూనల కడుపులు గుండ్రంగా ఉంటే తాగినట్టే. చర్మం ముడతలు పడి, ఎగశ్వాసతో చల్లబడి ఉంటే తాగలేదు, ముందు వెచ్చబెట్టి డాక్టరుకి ఫోను చెయ్యండి.

గోళ్ళు ఎప్పుడు కత్తిరించాలి?

నెలా నెలన్నరకి ఒకసారి. వెనక నుంచి టార్చి వేస్తే గోటిలో ఎర్రటి నరం కనిపిస్తుంది, దానికి ముందే కత్తిరించండి. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది రెండు నిమిషాలు నొక్కి పట్టండి. గోళ్ళు తీసేటప్పుడే ముందు పళ్ళు కూడా చూడండి, వంకరగా పెరుగుతుంటే ఇంట్లో కత్తిరించకండి, పగిలిపోతాయి.

ఊరెళ్ళాలంటే ఎవరికి అప్పజెప్పాలి?

ఒక్క రాత్రైనా వదిలేసి వెళ్ళకూడదు. పక్కింటివాళ్ళు రోజుకి రెండుసార్లు వచ్చి గడ్డి, నీళ్ళు మార్చి పెంటికలు చూడగలిగితే ఇంట్లోనే ఉంచండి, చోటు మారితే అది తినడం తగ్గిస్తుంది. డాక్టరు నంబరు, దాని బరువు, రోజు మేత లెక్క ఒక కాగితం మీద రాసి పంజరానికి కట్టి వెళ్ళండి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతికే జంతువు కాబట్టి ఇలా చూసుకోగలిగేవాళ్ళని ఒకరిద్దరిని మొదటి ఏడాదే అలవాటు చెయ్యండి.